ప్రదర్శన నుంచి తిరిగొచ్చిన కోడిని మందలో ఎప్పుడు కలపాలి?

ప్రశ్న: నా దగ్గర పెద్దవి, పిల్లలు కలిపి నలభై కోళ్ల దాకా ఉన్నాయి. ఈమధ్య రెండు రోజుల కోళ్ల ప్రదర్శనకు ఒక పుంజును, రెండు పెట్టలను తీసుకువెళ్లాను. పుంజుకు బహుమతి వచ్చింది. అక్కడే ఒక పడుచు పుంజు నచ్చి కొన్నాను. ఇంటికి చేరేసరికి బాగా చీకటి పడడంతో నాలుగింటినీ నేరుగా మిగతా కోళ్ల షెడ్డులోనే వదిలేశాను. తొమ్మిదో రోజున, ప్రదర్శనకు వెళ్లొచ్చిన పెట్టల్లో ఒకటి తుమ్మడం మొదలుపెట్టింది. దాని ఒక కంటి మూలలో నురగ కనిపిస్తోంది. మేత తింటూనే ఉంది, మిగతావన్నీ బాగానే ఉన్నట్టున్నాయి. కోళ్లు పెంచే మిత్రుడొకరు అన్నింటికీ ఐదు రోజులు నీళ్లలో యాంటీబయాటిక్ కలిపి ఇమ్మంటున్నారు. ఇవ్వవచ్చా? వేరే గదిలో పెరుగుతున్న ఆరు వారాల పిల్లలను త్వరలో పెద్దవాటితో కలపాలనుకుంటున్నాను, పొదిగించడానికి గుడ్లు కూడా తీసిపెట్టాను. ఇక ప్రదర్శనలకు వెళ్లడమే మానుకోవాలా?

సమాధానం: మీ మిత్రుడు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, అయినా ఆ మందును ఈ రోజు నీళ్లలో కలపకండి. ముందుగా తుమ్ముతున్న పెట్టను వేరే కప్పు కిందికి, మిగతా కోళ్లకు గాలి తగలని చోటికి మార్చండి. ప్రదర్శనకు వెళ్లొచ్చిన మిగతా రెండింటినీ, కొత్తగా కొన్న పడుచు పుంజునూ కూడా షెడ్డు నుంచి తీసి ఇంకొక చోట ఉంచండి. తొమ్మిది రోజులు కలిసి తిరిగాక ఇప్పుడు వేరు చేసి ఏం లాభమని మీకు అనిపించవచ్చు. లాభం ఉంది. క్రిమి ఇప్పటికే కొన్నింటికి చేరి ఉన్నా, దాన్ని రోజూ గాలిలోకి, నీళ్లలోకి వదులుతున్న కోడి పక్కనుంటే మిగతావాటి మీద పడే మోతాదు పెరుగుతూనే ఉంటుంది, ఆ మోతాదును బట్టే చాలా శ్వాసకోశ జబ్బుల తీవ్రత ఉంటుంది. మీ మంద మొత్తాన్నీ ఇప్పుడు అనుమానం ఉన్న మందగానే చూడాలి కాబట్టి, కోడిని గాని, గుడ్డును గాని, మేత బస్తాను గాని ఇంకొక పెంపకందారుకు ఇవ్వకండి, కోళ్లు ఉన్నవారిని మీ షెడ్డులోకి రానివ్వకండి.

తుమ్ము, కంటి నురగ అన్నవి లక్షణాలే, వాటిని చూసి జబ్బు పేరు చెప్పలేము. మైకోప్లాస్మా గాలిసెప్టికం అనే సూక్ష్మక్రిమి వల్ల వచ్చే దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధిలో కంట్లో నురగ తరచుగా కనిపిస్తుంది, కాబట్టి నా అనుమానం మొదట దాని మీదకే పోతుంది. కానీ ఉత్తరం చదివి జబ్బును నిర్ధారించడం నా వల్ల కాదు, అలా చేయడం మీకు మేలూ చేయదు. ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్, లారింగోట్రాకియైటిస్, కోరైజా అనే శ్వాసకోశ జబ్బులు, చివరికి కొక్కెర తెగులు (న్యూకాజిల్ వ్యాధి) కూడా తొలి రోజుల్లో ఒక్క తుమ్ముతోనే మొదలుకావచ్చు. వీటిలో కోరైజా ఒక్కటే బాక్టీరియా వల్ల వచ్చేది, మిగతా మూడూ వైరస్ జబ్బులు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. మైకోప్లాస్మాకు కణకవచం ఉండదు కాబట్టి కణకవచాన్ని దెబ్బతీసి పనిచేసే పెన్సిలిన్ తరహా మందులు దాని మీద వృథా అవుతాయి, పనిచేసే మందులు కూడా లక్షణాలను తగ్గిస్తాయి గాని క్రిమిని కోడి ఒంట్లోంచి పూర్తిగా పోగొట్టవు. అలా తగ్గిన కోడి చూడడానికి బాగుపడినట్టే ఉంటుంది, కానీ క్రిమిని మోస్తూ, అప్పుడప్పుడూ బయటికి వదులుతూ మందలోనే తిరుగుతుంది.

ఇంకొక ఇబ్బంది ఉంది. ముందే మందు పడితే నమూనాలో క్రిమి దొరకడం కష్టమవుతుంది. అందువల్ల మందు కంటే ముందు పశువైద్యుడిని పిలిపించండి. ఆ పెట్ట గొంతు నుంచి, కంటి నుంచి దూదిపుల్లతో నమూనా తీయించి, మందలోని మరికొన్ని కోళ్ల రక్తాన్ని కూడా పరీక్షకు పంపించమని అడగండి. ఫలితం వచ్చాక వైద్యుడు యాంటీబయాటిక్ అవసరమంటే, ఏ మందు, ఎన్ని రోజులు, ఆ తరువాత ఎన్ని రోజుల దాకా గుడ్లు తినకూడదు అనే మూడింటినీ రాయించుకోండి. నీళ్లలో కలిపిన మందు జబ్బు పడిన కోడికే తక్కువగా అందుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నలతగా ఉన్న కోడి మిగతావాటి కంటే తక్కువ నీళ్లు తాగుతుంది.

వైద్యుడు వచ్చేలోగా ఈ కింది వాటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా పశుసంవర్ధక అధికారులకు ఫోన్ చేయండి: ఏ సూచనా లేకుండా ఒకటి రెండు కోళ్లు చనిపోవడం, తల వాచిపోవడం, జుట్టు, తమ్మెలు నీలిరంగుకు తిరగడం, మెడ మెలికలు పడడం, ఆకుపచ్చని నీళ్ల విరేచనాలు, గుడ్ల సంఖ్య ఒక్కసారిగా పడిపోవడం లేదా పెంకు లేని తోలు గుడ్లు రావడం. ఇవి బర్డ్ ఫ్లూకు, కొక్కెర తెగులు తీవ్ర రూపానికి గుర్తులు కావచ్చు. చనిపోయిన కోడిని మీరే కోసి చూడకండి, ఒట్టి చేతులతో ముట్టుకోకండి. రెండు ప్లాస్టిక్ సంచుల్లో ఒకదానిలో ఒకటి పెట్టి మూటకట్టి, చల్లగా ఉంచి, వీలైతే ఆ రోజే ప్రయోగశాలకు చేర్చండి. గడ్డ కట్టించవద్దు, గడ్డ కట్టిన కళేబరంలోని కణజాలం పరీక్షకు పాడవుతుంది.

ఇక ఈ ఇబ్బంది ఎక్కడ మొదలైందో చూద్దాం. మీరు చేసిన పొరపాటు ఒక్కటే, అది దాదాపు ప్రతి పెంపకందారూ ఎప్పుడో ఒకప్పుడు చేసేదే: ఆ రాత్రి చూడడానికి బాగున్న కోడిని ఆరోగ్యంగా ఉన్న కోడి అనుకున్నారు. ప్రదర్శనకు వచ్చే కోళ్లన్నీ పైకి ఆరోగ్యంగానే ఉంటాయి, జబ్బుగా కనిపించే కోడిని ఎవరూ పోటీకి తీసుకురారు. క్రిమి లోపలికి చేరిన రోజుకూ లక్షణం బయటపడే రోజుకూ మధ్య ఉండే ఎడమే అసలు ప్రమాదం. ఆ ఎడం జబ్బును బట్టి మారుతుంది. బ్రాంకైటిస్ ఒకటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది, కోరైజా ఒకటి నుంచి మూడు రోజుల్లో ముఖం వాపుతో, ముక్కు నుంచి కారే దుర్వాసన ద్రవంతో తెలిసిపోతుంది. కొక్కెర తెగులుకు సాధారణంగా ఐదారు రోజులు పడుతుంది, కానీ రెండు నుంచి పదిహేను రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు. లారింగోట్రాకియైటిస్ ఆరు నుంచి పన్నెండు రోజులు తీసుకుంటుంది. మైకోప్లాస్మా విషయానికొస్తే అది ఆరు రోజుల్లో రావచ్చు, మూడు వారాలకూ రావచ్చు, చలో ప్రయాణమో మరో జబ్బో తోడయ్యే దాకా నెలల తరబడి దాగి ఉండనూ వచ్చు. మీ పెట్ట తొమ్మిదో రోజున తుమ్మిందంటే అది ఈ చివరి రెండు మూడు జబ్బులలో దేని లెక్కకైనా సరిపోతుంది. అందుకే పరీక్ష తప్పదంటున్నాను.

ఈ ఎడం కంటే కూడా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది జబ్బు తగ్గాక కూడా క్రిమిని మోసే కోళ్లు. లారింగోట్రాకియైటిస్ కలిగించేది హెర్పిస్ జాతి వైరస్. కోడి కోలుకున్నాక కూడా అది నరాల ముడిలో దాగి జీవితాంతం ఉండిపోతుంది, ఒత్తిడి కలిగినప్పుడు మళ్లీ గొంతులోకి వచ్చి బయటికి వెలువడుతుంది. కోడికి ప్రదర్శన కంటే పెద్ద ఒత్తిడి ఏముంటుంది? వాహనంలో కుదుపులు, ఇరుకు బోను, రాత్రి దాకా వెలుగు, కొత్త నీళ్లు, పక్క బోనులో పరాయి పుంజు, ఒకరి తరువాత ఒకరుగా ఎత్తి చూసే చేతులు. ఎన్నో నెలలుగా నిద్రపోతున్న వైరస్ మేలుకోవడానికి కావలసినవన్నీ అక్కడే ఉంటాయి, దాన్ని అందుకోవడానికి వందల కోళ్లు కూడా అక్కడే వరుసగా ఉంటాయి. ప్రదర్శనలను నేను తప్పుపట్టడం లేదు, కానీ ఆ ఏర్పాటు ఎలా ఉంటుందో మనసులో పెట్టుకోకపోతే తిరిగి వచ్చాక తీసుకోవలసిన జాగ్రత్తలు అతిగా కనిపిస్తాయి.

ఈ మాట ఎంత దూరం వెళ్తుందో చూపడానికి ఒక ఉదాహరణ చెబుతాను. 2018 మే నెలలో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో పెరటి కోళ్లలో తీవ్ర రూపపు కొక్కెర తెగులు బయటపడింది. కోళ్లను ఒక చోటు నుంచి మరొక చోటికి తరలించడం వల్ల, మనుషుల బట్టలు, చెప్పులు, బోనుల ద్వారా అది ఇంటి నుంచి ఇంటికి పాకింది. 2020 వేసవిలో అదుపులోకి వచ్చిందని ప్రకటించే నాటికి పది లక్షలకు పైగా కోళ్లను చంపవలసి వచ్చింది, మధ్యలో అక్కడి కోళ్ల ప్రదర్శనలు కూడా ఆగిపోయాయి. దాన్ని మోసుకెళ్లినవాళ్లలో ఎక్కువమంది కోళ్లను ప్రేమగా పెంచుకునేవాళ్లే.

ఇప్పుడు, తరువాతిసారి ఏం చేయాలో చెబుతాను. తిరిగి వచ్చిన కోడిని, అది మీ ఇంట్లోనే పుట్టి పెరిగిందైనా సరే, కొత్తగా కొన్న కోడిలాగే చూడండి. ప్రదర్శనకు వెళ్లొచ్చినవాటిని కనీసం రెండు వారాలు, కొత్తగా కొన్నవాటిని ముప్పై రోజులు వేరుగా ఉంచాలన్నది సాధారణంగా ఇచ్చే సలహా. నా అభిప్రాయం అడిగితే, చోటు ఉన్నవాళ్లు రెండింటికీ ముప్పై రోజులే పాటించాలి, ఎందుకంటే రెండు వారాల్లో మైకోప్లాస్మా ఇంకా బయటపడకుండానే ఉండవచ్చు. వేరుగా ఉంచడమంటే షెడ్డులోనే ఒక మూలకు జాలీ కట్టడం అనుకోవద్దు. ఆ జాలీలోంచి గాలి పోతుంది, ధూళి పోతుంది, రెట్ట చిందుతుంది. గాలి మంద నుంచి ఆ చోటి వైపు వీచేలా ఉండాలి, అక్కడి నుంచి మంద వైపు వీచకూడదు. మేత తొట్టి, నీళ్ల తొట్టి, ఊడ్చే చీపురు, గంప అన్నీ దానికి దానివే ఉండాలి. చోటు చిన్నదైనా ఫరవాలేదు, ఒక మంచి పెద్ద బోను, పైన వాన పడని కప్పు, చుట్టూ పిచ్చుకలు, ఎలుకలు రాని జాలీ ఉంటే చాలు.

ఇక్కడ చాలామంది తప్పే చోటు పనుల వరుస. పొద్దున ముందుగా చిన్న పిల్లల దగ్గరికి, తరువాత పెద్ద మంద దగ్గరికి, అన్నింటికీ చివర వేరుగా ఉంచినవాటి దగ్గరికి వెళ్లాలి. వేరుగా ఉంచినవాటిని చూశాక మళ్లీ మంద వైపు తిరిగి రాకూడదు. ఏదైనా మరచిపోయి తప్పనిసరిగా రావలసి వస్తే చెప్పులు మార్చి, చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొని, పైబట్ట మార్చుకొని రావాలి. క్రిమిసంహారకం కలిపిన నీళ్ల పళ్లెంలో చెప్పులు ముంచి నడవడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆ నీళ్లలో రెండో రోజుకే రెట్ట, మట్టి పేరుకొని మందు చచ్చిపోతుంది, మనిషికి మాత్రం జాగ్రత్త తీసుకున్నానన్న ధీమా మిగులుతుంది. దానికి బదులు ఆ చోటి గుమ్మం దగ్గర ఒక జత చెప్పులు ఎప్పుడూ అక్కడే ఉండేలా పెట్టుకోండి.

వేరుగా ఉంచిన రోజులు ఊరికే గడపడానికి ఉన్నవి కావు. ప్రతి రోజూ ఒక చిన్న పుస్తకంలో తేదీ వేసి, మేత ఎంత మిగిలింది, రెట్ట ఎలా ఉంది, గుడ్డు పెట్టిందా లేదా, కళ్లు తేటగా ఉన్నాయా అనే నాలుగు మాటలు రాయండి, రెండు మూడు రోజులకొకసారి బరువు చూడండి. పగటిపూట కోడి తన నలతను దాచుకుంటుంది, మనిషి కనబడగానే మెడ నిక్కించి చురుగ్గా నిలబడుతుంది. అందుకని రాత్రి అవి నిద్రకు కూర్చున్నాక దీపం లేకుండా వెళ్లి, ఐదు నిమిషాలు కదలకుండా నిలబడి వినండి. ఊపిరిలో గురగుర, సన్నని ఈల, అప్పుడప్పుడూ తల విదిలించి తుమ్మే చప్పుడు అప్పుడే స్పష్టంగా వినిపిస్తాయి. మీ పెట్ట తుమ్ము పగలు వినిపించేసరికి తొమ్మిదో రోజైంది, రాత్రిళ్లు ఇలా నిలబడి విని ఉంటే బహుశా ఒకటి రెండు రోజుల ముందే తెలిసేది. కొత్త లక్షణం కనిపించిన ప్రతిసారీ రోజుల లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదటికి వస్తుంది. ఇరవై ఐదో రోజున తుమ్మితే ఇంకా ఐదు రోజులే కదా అని సరిపెట్టుకోవడానికి లేదు.

ముప్పై రోజులూ సాఫీగా గడిచినా క్రిమిని మోసే కోడి పట్టుబడకపోవచ్చు. దానికి అనుభవజ్ఞులు పాటించే ఒక పద్ధతి ఉంది. మీ మందలోంచి ఒకటి రెండు సాధారణ కోళ్లను తెచ్చి వేరుగా ఉంచినవాటితో మరో రెండు వారాలు కలిపి ఉంచుతారు. వచ్చిన కోడి ఏదైనా మోస్తుంటే ఆ ఒకటి రెండింటిలోనే బయటపడుతుంది, మంద మొత్తం మిగులుతుంది. ఆ కోళ్లు బలి అయ్యే అవకాశం ఉందని తెలిసే ఈ పని చేస్తాం కాబట్టి నాకు ఇది చెప్పడం తేలిక కాదు, అయినా నలభై కోళ్ల కోసం దీన్ని ఎంచుకోవడం న్యాయమేనని నమ్ముతాను. మనసొప్పకపోతే వైద్యుడితో రక్తపరీక్ష చేయించి, రెండు మూడు వారాల తరువాత మరోసారి చేయించండి, తొలి పరీక్ష నాటికి రక్తంలో ప్రతిరక్షకాలు ఇంకా తయారై ఉండకపోవచ్చు.

కోళ్ల సంగతి ఇంతవరకు. మీ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు కోడిని వేరుగా ఉంచి, ప్రదర్శనలో తొడుక్కున్న బట్టలతోనే షెడ్డులోకి వెళ్తే ఆ శ్రమంతా వృథా అవుతుంది. మైకోప్లాస్మా మనిషి జుట్టు మీద, నూలు బట్ట మీద, ఈకల మీద రెండు మూడు రోజుల దాకా బతకగలదు. బర్డ్ ఫ్లూ వైరస్ చల్లని, తడి రెట్టలో వారాల తరబడి ఉంటుంది, కోళ్లకు గడ్డలు, పక్షవాతం తెచ్చే మారెక్స్ వైరస్ షెడ్డు ధూళిలో నెలలు నిలుస్తుంది. ఇంటికి రాగానే తలస్నానం చేసి, బట్టలన్నీ వేడినీళ్లలో ఉతకడానికి వేసి, చెప్పుల అడుగున ఇరుక్కున్న మట్టిని గీకి కడగాలి. కోడిని తీసుకువెళ్లకుండా ఊరికే ప్రదర్శన చూడడానికి వెళ్లొచ్చిన ఇంటివాళ్లకూ ఇదే వర్తిస్తుంది, ఈ మాట చాలామందికి తట్టదు.

బోనులు, వాహనం, తీసుకువెళ్లిన తొట్టెలు కడగడంలో వరుస ముఖ్యం. రెట్ట, ఈకలు, మేత తునకలు అంటుకుని ఉండగా పోసిన క్రిమిసంహారకం వాటి మీదే ఖర్చయిపోతుంది, క్రిములు వాటి కింద భద్రంగా ఉంటాయి. ముందు పొడిగా గీకి తుడిచి, తరువాత సబ్బు నీళ్లతో రుద్ది కడిగి, ఆరనిచ్చి, అప్పుడు క్రిమిసంహారకం చల్లి, సీసా మీద రాసినన్ని నిమిషాలు తడిగా ఉండనివ్వాలి. బ్లీచింగ్ ద్రావణం వాడితే దాన్ని ఏ రోజుకు ఆ రోజు కలుపుకోండి, ఆమ్లంతో గాని అమ్మోనియా ఉన్న వేరే ద్రవంతో గాని ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. చివరికి ఎండలో రెండు రోజులు ఆరబెట్టండి. చెక్క బోనులను నేను ఎవరికీ సిఫారసు చేయను, చెక్క పగుళ్లలోకి బ్రష్షు వెళ్లదు, ఎర్రనల్లి మాత్రం వెళ్తుంది.

ఎర్రనల్లి ప్రస్తావన వచ్చింది కాబట్టి పేల గురించీ రెండు మాటలు. ప్రదర్శన నుంచి తిరిగొచ్చే కోడి వెంట వచ్చేవాటిలో ఇవే ఎక్కువ. పేలు, వాటి గుడ్లు మలద్వారం చుట్టూ, రెక్కల కింద ఈకల మొదళ్లలో గుత్తులుగా కనిపిస్తాయి. ఎర్రనల్లి పగలు కోడి మీద ఉండదు, బోను సందుల్లో దాక్కొని రాత్రి రక్తం తాగుతుంది, మేత లేకుండా నెలల తరబడి బతుకుతుంది, కాబట్టి దాన్ని రాత్రిపూట టార్చి పట్టుకొని కూర్చునే కర్ర అడుగున వెతకాలి. పేలకు వైద్యుడు చెప్పిన మందు ఒకసారి వాడి ఊరుకోకండి. చాలా మందులు గుడ్లను చంపవు, అందుకని వారం పది రోజులకు రెండోసారి తప్పకుండా వాడాలి.

వెళ్లే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు వచ్చాక తీసుకునేవాటికంటే తేలిక. టీకాలు వేయించేది ఉంటే ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందే పూర్తి చేయండి. బయలుదేరే వారంలో వేయించిన టీకాకు రక్షణ ఇవ్వడానికి వ్యవధి చాలదు. బలహీనపరచిన బతికున్న వైరస్‌తో తయారైన జీవ టీకా వేసిన కోడి కొన్నాళ్లపాటు ఆ టీకా వైరస్‌ను తానే బయటికి వదలవచ్చు, లారింగోట్రాకియైటిస్ టీకా విషయంలో ఇది మరీ పట్టించుకోవలసిన సంగతి. కొంచెమైనా నలతగా ఉన్న కోడిని, పొదుగు నుంచి అప్పుడే దిగిన పెట్టను, ఈకలు రాలుస్తున్న కోడిని తీసుకువెళ్లకండి. మీ ఇంటి నీళ్లు, మీ ఇంటి మేత, మీ తొట్టెలు వెంట తీసుకువెళ్లండి. తెలియని నీళ్లు కోడి సరిగా తాగకపోవచ్చు, రెండు రోజులు సరిగా నీళ్లు తాగని కోడి తేలిగ్గా జబ్బు పడుతుంది. అక్కడ పక్కవారి కోడిని ముట్టుకుంటే చేతులు శుభ్రం చేసుకున్నాకే మీ కోడిని ముట్టుకోండి, న్యాయనిర్ణేత కూడా కోడికీ కోడికీ మధ్య అలా చేస్తున్నారో లేదో మర్యాదగా గమనించండి. చేయకపోతే నిర్వాహకులతో చెప్పడంలో తప్పేమీ లేదు.

మీరు కొన్న పడుచు పుంజు విషయంలో నేను కాస్త కఠినంగానే మాట్లాడతాను. దాని పుట్టుపూర్వోత్తరాలు, అది పెరిగిన మందలో ఎప్పుడైనా శ్వాసకోశ జబ్బు వచ్చిందా, ఏ టీకాలు పడ్డాయి అనేవి అమ్మినవారిని అడిగి రాసుకోండి. మీ పెట్టకు తుమ్ము వచ్చిందని వారికి కూడా చెప్పండి, దాచవద్దు, వారి ఇంట్లోనూ మరో మంద ఉంది. పరీక్షలో మైకోప్లాస్మా గాని, లారింగోట్రాకియైటిస్ గాని ఉందని తేలితే, జబ్బు తగ్గిన కోళ్లను ఇక ప్రదర్శనకు తీసుకువెళ్లడం, ఇంకొకరికి అమ్మడం ఆపివేయాలి. మంద మొత్తాన్ని బయటికి పంపకుండా అలాగే పెంచుకోవడమా, తీసివేసి కొంతకాలం షెడ్డు ఖాళీగా ఉంచి మళ్లీ మొదలుపెట్టడమా అన్నది వైద్యుడితో కూర్చొని తేల్చుకోవలసిన నిర్ణయం. అది బాధాకరమైన నిర్ణయమని నాకు తెలుసు.

గుడ్ల గురించి అడిగారు. ఫలితం వచ్చేదాకా వాటిని పొదిగించకండి. మైకోప్లాస్మా తల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లకు చేరుతుంది, పెంకును ఎంత శుభ్రంగా తుడిచినా లోపలున్నదాన్ని ఆపలేము. ఆరు వారాల పిల్లలను కూడా ఇప్పుడు పెద్దవాటితో కలపవద్దు. మీ ఇంట్లో ఈ రోజు అన్నిటికంటే శుభ్రంగా మిగిలి ఉండగల కోళ్లు అవే. పొద్దున మొదటి మేత వాటికే వేయండి, వాటి గదిలోకి వేరే చెప్పులతో, ఉతికిన బట్టలతోనే అడుగుపెట్టండి, పెద్ద మంద నుంచి ఏ తొట్టినీ, ఏ గంపనూ అటు తీసుకువెళ్లకండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వాళ్లు కోళ్లను ఎత్తుకుని ముద్దాడకుండా చూడండి, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి. సాల్మొనెల్లా క్రిమి పైకి ఆరోగ్యంగా ఉన్న కోడి నుంచి కూడా మనుషులకు సోకుతుంది.

ప్రదర్శనలు మానుకోవాలా అన్న ప్రశ్నకు, మానుకోనవసరం లేదనే నా జవాబు. మంచి జాతి కోళ్లు నిలబడుతున్నది వాటిని పోటీకి తయారుచేసేవారి ఓపిక వల్లే, ఒక పుంజును చూపించి నలుగురితో మాట్లాడిన ఆ రెండు రోజుల సంతోషం మీకు చిన్నది కాదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. కానీ ప్రదర్శనకు వెళ్లే కోళ్లు వేరు, గుడ్లు పొదిగించుకునే తల్లి మంద వేరు అన్న పద్ధతి పెట్టుకోండి. రెండు గూళ్లు కట్టుకోవడానికి చోటు లేకపోతే, ఏడాదికి ఒకే ఒక్క ప్రదర్శనకు, అది కూడా గుడ్లు పొదిగించే కాలం ముగిశాక వెళ్లండి, అప్పుడు వేరుగా ఉంచడానికి ముప్పై రోజులు తీరిగ్గా దొరుకుతాయి. ఈ సాయంత్రం మాత్రం ఆ పెట్టను మార్చాక, చేతులు కడుక్కొని, చెప్పులు, పైబట్ట మార్చుకొని, చీకటి పడిన తరువాత పెద్ద షెడ్డు దగ్గరికి వెళ్లి ఐదు నిమిషాలు నిలబడి వినండి. ఎన్ని కోళ్లు తుమ్ముతున్నాయో లెక్కపెట్టి రాసుకోండి, రేపు వైద్యుడు మిమ్మల్ని మొదట అడిగే ప్రశ్న అదే.